శకునపక్షి కుర్చీ

గోడకున్న తెల్లబోర్డు నిండా పసుపు, గులాబి, ఆకుపచ్చ కాగితం ముక్కలు, ఒక్కో ముక్క మీద ఒక్కో మాట, ఇదేనట గొడుగుల కంపెనీకి వచ్చే ఏడాది ప్లాను. కిటికీ పక్కన, అందరికీ కొంచెం వెనగ్గా కూర్చున్న పెద్దక్కకు అది చూడగానే చిన్నపిల్లల బడి గుర్తొచ్చింది, బడి గుర్తొస్తే మాస్టారు గుర్తురాకుండా ఎలా ఉంటారు, ఎక్కడో బడిలో పాఠాలు చెప్పుకునే మనిషిని పట్టుకొచ్చి గొడుగుల కంపెనీకి మేనేజరుని చేశారు పెద్ద యజమాని, ఆయన కూడా చివరిదాకా ఈ గదిని తరగతి గదిలాగే నడిపారు, చేతిలో సుద్దముక్క, మోచేతి దాకా తెల్లపొడి, ఆలస్యంగా వచ్చినవాడు ఎంత పెద్ద ఉద్యోగి అయినా కాసేపు గుమ్మంలో నిలబడాల్సిందే. ఇప్పుడు సుద్దముక్కా లేదు, గుమ్మంలో నిలబడేవాడూ లేడు. ఎవరికి తోచినప్పుడు వాళ్ళు లేచి బోర్డు దగ్గరికి వెళ్ళి ఒక కాగితం పీకి ఇంకోచోట అతికిస్తున్నారు, బిస్కట్లు నములుతూ మాట్లాడుతున్నారు, ఒకడైతే బల్లకు ఆనుకుని నిలబడే ఉన్నాడు. సంత, అనుకుంది పెద్దక్క. మాస్టారు పోయి ఇంకా ఏడాది తిరగలేదు.

నిన్న సాయంత్రం చిన్నబాబు తన గదికి పిలిపించుకున్నాడు. చిన్నబాబంటే పెద్ద యజమాని కొడుకు, జుట్టంతా ఊడిపోయి మనవలను ఎత్తుకుంటున్నా కంపెనీలో ఆయన చిన్నబాబే. “కొత్తమ్మాయికి మనం పెట్టిన గడువు అయిపోవచ్చింది పెద్దక్కా. ఉంచాలా, బయటినుంచి ఇంకెవరినైనా తెచ్చుకోవాలా అని తెగట్లేదు నాకు. రేపు ప్లాను మీటింగులో మీరు ఊరికే కూర్చుని చూడండి. నోరు విప్పొద్దు. అయ్యాక వచ్చి ఒక్క మాట చెప్పండి, మీరేమంటే అది,” అన్నాడు. నలభై దాటిన మేనేజరును కొత్తమ్మాయి అనడమేమిటని బయటివాళ్ళకు అనిపించవచ్చు, ఇక్కడ మాత్రం మాస్టారి తర్వాత వచ్చినవాళ్ళు ముసలివాళ్ళయినా కొత్తవాళ్ళే. గుడ్డా, ఊచలూ, పిడులూ కొనడంలో తల నెరిసిన పెద్దక్క త్వరలో రిటైరైపోతోంది, తన పనంతా కొత్తమ్మాయికి అప్పగించేసింది కూడా, ఇక కంపెనీ ఆమెతో చేయించుకుంటున్న ఆఖరి పని ఇదే. ఒక మనిషి ఉద్యోగం తన నాలుక చివర ఉంది. ఆ మాట ఏమిటో నిన్న మెట్లు దిగుతున్నప్పుడే ఆమె మనసులో ఖాయమైపోయింది, ఇవాళ వచ్చి కూర్చోవడం ఉత్త లాంఛనం.

ఎందుకంటే మీటింగంటే మాస్టారిది. ముందు అందరూ తమ తమ గొప్పలు చెప్పుకోవాలి, ఈ ఏడు ఇన్ని కుడతాం, అన్ని ఊళ్ళలో అమ్ముతాం, గాలిలో మేడలు ఎన్ని అంతస్తులైనా లేపుకోవచ్చు, మధ్యలో ఎవరూ అడ్డు రాకూడదు. అడ్డు రావడానికి వేరే మనిషి ఉండేది. గది మూలన ఓ పాత చేతుల కుర్చీ, దాని పేరు శకునపక్షి కుర్చీ. మంచి అంతా అందరూ చెప్పేశాక, ఆ కుర్చీలో కూర్చున్నవాళ్ళు ఏ చెడు జరగొచ్చో చెప్పాలి, శుభమా అని మొదలెడుతుంటే అవేం మాటలని ఎవరూ అనకూడదు, కోపం తెచ్చుకోకూడదు, అదీ కట్టడి. “పైన తథాస్తు దేవతలు తిరుగుతుంటారని మనవాళ్ళకి చెడు మాట అనాలంటే హడలు. ఆ పాపమేదో ఒక కుర్చీకి చుట్టేస్తే మిగతావాళ్ళు హాయిగా ఉంటారు,” అన్నారు మాస్టారు మొదటిసారి. ఏటా ఒకరు కూర్చోవాలని మొదలైంది, రెండేళ్ళు అలాగే సాగింది కూడా, పెద్దక్క వంతు వచ్చాక మాత్రం ఆ కుర్చీ ఇంకెవరికీ పోలేదు. ఆమె గొంతు సవరించుకోగానే గదంతా సర్దుకుని కూర్చునేది, “ఇక కూయమ్మా,” అనేవారు మాస్టారు, ఆమె మొదలుపెట్టేది, వానలు ముందే పడితే ఏమవుతుంది, అసలు పడకపోతే ఏమవుతుంది, పిడుల కర్ర పగిలితే, కుట్టుమిషన్లవాళ్ళకు ఒకేసారి జ్వరాలొస్తే, అందరూ పొట్టలు పట్టుకుని నవ్వేవారు, చివర్లో మాస్టారు కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ “దోషం తగిలింది, శాంతి చెయ్యాలి,” అని టీ తెప్పించేవారు. రేకుల కప్పు మీద వాన, కొత్త గుడ్డ వాసన, పొగలు కక్కే టీ, తన చుట్టూ అన్ని నవ్వుమొహాలు. అంత సంతోషం ఆమె ఇంకెక్కడా ఎరగదు, తన పెళ్ళిలో కూడా ఎరగదు, ఆ మాట మొగుడితోనే అనేసింది ఒకసారి, పాపం ఆయన మంచివాడు కాబట్టి సరిపోయింది.

నవ్వుతారు గానీ ఆ కుర్చీ విలువ ఆమెకు తెలిసినట్టు ఎవరికి తెలుసు. ఆమె నాలుక మీద చిన్న నల్లమచ్చ ఉంది. మచ్చనాలుక పిల్ల, అన్నది అన్నట్టు జరుగుతుంది, నోరు విప్పనివ్వకండి, ఇదీ ఇంట్లో ఆమె పేరు. మేనమామ ప్రయాణమై బయల్దేరుతుంటే బస్సు దొరకదేమో మావయ్యా అంది, దొరకలేదు, దొరక్కపోవడానికి ఆయన తాపీగా రెండోసారి గడ్డం గీసుకోవడం కారణమని ఎవరికీ తట్టలేదు. చెల్లి సంగీతం పరీక్షకు వెళ్ళేముందు రోజు రెండో పాట దగ్గర దీనికి శ్రుతి జారుతోందమ్మా అంది, అంటే జాగ్రత్తపడుతుందని అంది, అక్కడే జారింది, చెల్లి ఇంటికొచ్చి మంచం మీద బోర్లా పడి ఏడ్చింది. అమ్మ ఏమీ తిట్టలేదు. తిట్టినా బాగుండేది. ఆ రోజునుంచి చెల్లి పాడుకునేటప్పుడు అమ్మ తలుపు దగ్గరగా వేసి, “నువ్వలా పెరట్లో కూర్చోవే, మా తల్లివి కదూ,” అనేది, ఎంత మెత్తగా అనేదో, పెద్దక్క పెరట్లో గిలక బావి గట్టు మీద కూర్చుని లోపలినుంచి వచ్చే పాట వింటూ, ఎక్కడ జారబోతోందో తెలుస్తున్నా, రెండు పెదాలూ బిగబట్టుకునేది. పెళ్ళయి, పిల్లలు పుట్టి, ఉద్యోగంలో చేరినా ఆ పెదాలు అలాగే ఉండిపోయాయి. అలాంటిదాన్ని పిలిచి, కుర్చీ వేసి, నీ నోరే మాకు కావాలమ్మా అన్నారు మాస్టారు. కన్నతల్లి వెయ్యమన్న తాళం ఒక పరాయి మనిషి తీశాడు. ఆయన్ని దేవుడనుకుంటే తప్పేముంది, అనుకుంది, ఇన్నేళ్ళూ అదే అనుకుంది.

“ఊచల ఆఖరి లారీ ఎప్పుడనుకున్నాం,” అని కొత్తమ్మాయి అడుగుతోంది, ఎవరో ఒక ఆకుపచ్చ ముక్క తీసి సరిగ్గా వానలకు ముందు నెల కింద అతికించారు. పెద్దక్క వీపు నిటారుగా అయింది. ఊచలు పంపే ఫ్యాక్టరీ ఏటా ఆ నెలలోనే కొలిమి ఆర్పేసి మరమ్మతులు చేసుకుంటుంది, ఆ నెలంతా అక్కడినుంచి ఒక్క ఊచ కదలదు, అందుకే తాను ఎప్పుడూ అంతకుముందే తెప్పించి గోదాములో పడేయించేది. ఈ సంగతి అప్పగింతల్లో చెప్పిందా, చెప్పలేదా, చెప్పే ఉండాలి, లేదా చెప్పక్కర్లేనంత మామూలు సంగతి అనుకుని వదిలేసిందేమో. ఊచలు లేకపోతే గొడుగెక్కడిది, గుడ్డను నెత్తిన కప్పుకుని తిరగమనాలి జనాన్ని. వానాకాలమంతా పోతుంది. చెబుదామని నోటిదాకా వచ్చింది, చిన్నబాబు నోరు విప్పొద్దన్న మాట గుర్తొచ్చింది, దాని వెనకాలే ఇంకో ఆలోచన మెల్లగా, పిల్లిలా వచ్చి ఒళ్ళో కూర్చుంది. ఊరుకుంటే పోలేదూ. ఇంతకన్నా మంచి సాక్ష్యం ఏం కావాలి, ఊచలు ఎప్పుడొస్తాయో తెలియని మేనేజరు బాబూ అని చెప్పొచ్చు, తన మాట అబద్ధం కూడా కాదు. ఆ ఆలోచన ఆమెకు నచ్చింది. నచ్చినందుకు కొంచెం సిగ్గేసింది, సిగ్గేసినా ఒళ్ళోంచి దాన్ని దించలేదు.

మాస్టారైతే ఇలా జరగనిచ్చేవారా, తనను కూర్చోబెట్టేవారు, తను కూసేది. గుడ్డ విషయంలో కుయ్యలేదూ. ఆ ఏడు చవగ్గా వస్తోందని కొత్తరకం నీలం గుడ్డ కొందామన్నారు, కుర్చీలో కూర్చుని పెద్దక్క చెప్పింది, ఈ గుడ్డ రంగు దిగుతుంది, మొదటి వానకే గొడుగేసుకున్నవాడు నీలంగా తేలతాడు, ఇల్లాలు గుర్తుపట్టక గుమ్మంలోనే ఆపేస్తుంది అని, గది గదంతా పగలబడి నవ్వింది, మాస్టారైతే సుద్దముక్క జారవిడుచుకున్నారు. గుడ్డ కొన్నారు. వానలు పడ్డాయి, రంగు దిగింది, చొక్కాలు పాడయ్యాయి, గొడుగులు లారీల్లో వెనక్కొచ్చాయి. ఈ కథ పెద్దక్క ఎన్నిసార్లు చెప్పిందో లెక్కలేదు, పిల్లలకు, వియ్యంకులకు, రైల్లో పక్కసీటువాళ్ళకు, చివర్లో ఎప్పుడూ ఒకటే మాట, నేను ముందే చెప్పాను. చెబుతూ నవ్వేది. కథలో చెప్పని సంగతి ఒకటుంది, ఆ దెబ్బకు గుడ్డ కత్తిరించే విభాగం మూసేశారు, అక్కడి పనివాళ్ళకు పెద్దగా ఉండే కత్తెర వదిన ఊరు విడిచి వెళ్ళిపోయింది. వదిన కాదు, ఏమీ కాదు, రోజూ పక్కపక్కన కూర్చుని అన్నం తినే స్నేహితురాలు, వరస కలుపుకున్నారంతే. వెళ్ళేముందు మెట్ల దగ్గర నిలబడి, “నువ్వు ముందే చెప్పావు కదే. మరి ఎవరూ వినలేదేమే,” అంది.

గదిలో ఏదో సద్దు ఆగిపోయినట్టయి తల తిప్పింది. కోతల బావగారు లేచి నిలబడ్డాడు. అమ్మకాలు చూసే ఆయన, పెద్దక్కతో పాటు మాస్టారి చేతికింద ముసలివాడైన మనిషి, గొప్పలు చెప్పడం మొదలెడితే గుమ్మాలు కూడా పక్కకు తప్పుకుంటాయని ఆయనకు ఆ పేరు. పోయిన ఏడు అమ్మినదానికి రెండింతలు అమ్ముతానని గులాబి ముక్క మీద పెద్ద అక్షరాలతో రాసి అతికించాడు, అతికించి మీసం సవరించుకున్నాడు. కొత్తమ్మాయి చప్పట్లు కొట్టలేదు, తప్పనీ అనలేదు. “మీరు ఎంత చెప్తే ఇంటికెళ్ళి హాయిగా నిద్రపోగలరు,” అని అడిగింది. మామూలుగా అడిగింది, మంచినీళ్ళు కావాలా అని అడిగినట్టు. ఇక చూసుకో, అనుకుంది పెద్దక్క, ఇప్పుడు తన తాతల కాలం నుంచి మొదలెడతాడు. ఆయన మొదలెట్టలేదు. కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడిచాడు, మళ్ళీ పెట్టుకున్నాడు. “నిజం చెప్పమంటారా మేడమ్. అందులో సగం. పాత దుకాణాలవాళ్ళు కొంతమంది నా ఫోను ఎత్తడం మానేశారు. ఎందుకో నాకు తెలీదు. ఇంట్లో కూడా చెప్పలేదిది.” ఎవరూ నవ్వలేదు. కొత్తమ్మాయి ఆ గులాబి ముక్క తీసి ఆయన చేతికే ఇచ్చింది, ఆయన సగం అని రాసి మళ్ళీ అతికించాడు. “ఫోను ఎత్తనివాళ్ళ దగ్గరికి ఇద్దరం కలిసి వెళ్దాం,” అంది ఆమె, అంతే, తర్వాతి ముక్క దగ్గరికి వెళ్ళిపోయారు.

పెద్దక్క చూపు మాత్రం ఆ గులాబి ముక్క మీదే ఉంది. ఎన్నేళ్ళుగా తెలుసు ఈ మనిషి, ఎన్ని కోతలు కోశాడు, మాస్టారి గదిలో ఒక్కనాడైనా నావల్ల కాదన్నాడా, అనడు, ఎందుకంటాడు, అనడానికి మూలన తనుంది కదా. ఆయన కోయడం, తను కూయడం, మాస్టారు టీ తెప్పించడం. ఎవరి వేషం వాళ్ళది, ఎంత ముచ్చటగా ఉండేది. అక్కణ్ణించి ఆలోచన ఎలా మళ్ళిందో, అన్నం డబ్బా మూత తీస్తున్న కత్తెర వదిన చేతులు కళ్ళముందుకొచ్చాయి, వేళ్ళ చివర్లు నీలంగా ఉన్నాయి, సబ్బుతో రుద్దినా పోవట్లేదే అని వదిన నవ్వుతోంది, అది వానలకు చాలా ముందు, గుడ్డ ఇంకా బల్లల మీదే ఉన్నప్పుడు. అంటే వదినకీ తెలుసు. కత్తిరించేవాళ్ళందరికీ తెలిసే ఉంటుంది, అందరి వేళ్ళూ నీలమే అయ్యుంటాయి. పెద్దక్క చెప్పేసింది కదా అని ఊరుకున్నారు, చెప్పిన పెద్దక్క మాటేమో నవ్వుకోవడానికి. ఆ గదిలో తన మాట ఒక్కటంటే ఒక్కసారైనా దేన్నైనా ఆపిందా అని వెతుక్కుంది, గబగబా వెతుక్కుంది, ఏడాది తర్వాత ఏడాది, కర్ర పిడులు, స్ప్రింగులు, జ్వరాలు. నవ్వులు దొరికాయి. టీలు దొరికాయి. ఆపిందన్నది ఒక్కటీ దొరకలేదు.

“ఊచలు ఆ నెలలో రావు,” అంది.

తన గొంతే తనకు కొత్తగా వినిపించింది, సన్నగా, పెళుసుగా, కుర్చీలోంచి కూసే గొంతు కాదది, పెరట్లో బిగబట్టుకున్న గొంతు. అందరూ వెనక్కి తిరిగారు. చిన్నబాబు నోరు విప్పొద్దన్నాడని గుర్తుంది, నాలుక మీద మచ్చ ఉందనీ గుర్తుంది. ఫ్యాక్టరీ కొలిమి ఆర్పేస్తుందని, ముందే తెప్పించుకోవాలని, తను అప్పగించేటప్పుడు ఆ సంగతి చెప్పలేదేమోనని, ముక్కలు ముక్కలుగా చెప్పింది. హాస్యం ఒక్కటీ రాలేదు. నవ్వుతారేమోనని ఒక క్షణం చూసింది, ఇంకా చెప్పాలంటే నవ్వాలనే కోరుకుంది, నవ్వితే పాత రోజులు పాతగానే ఉండిపోయేవి. కొత్తమ్మాయి మొహం పాలిపోయింది. “నాకీ సంగతి తెలీదండీ. ఇది ఇలాగే పోతే మునిగిపోయేవాళ్ళం,” అంది దాచుకోకుండా, ఆకుపచ్చ ముక్క పీకేసింది, తర్వాత గదినంతా చూస్తూ అడిగింది. “ఇది ఇక్కడ ఇంకెవరికైనా తెలుసా.”

ముందు గోదాము చూసే తమ్ముడు చెయ్యెత్తాడు, పూర్తిగా కాదు, మోచెయ్యి బల్ల మీదే ఉంది. ఆ తర్వాత కోతల బావగారు. ఆ తర్వాత కుట్టుమిషన్ల దగ్గర ఉండే ఇద్దరూ. కొత్తగా చేరినవాళ్ళు తప్ప అందరూ.

“మరి చెప్పలేదేం తమ్ముడూ,” అంది పెద్దక్క. అడగాల్సింది మేనేజరు, కానీ ఆమె అడిగేసింది.

అతను నిజంగానే ఆశ్చర్యపోయాడు. “మీరున్నారు కదక్కా గదిలో. అలాంటివి మీరే చెప్తారుగా ఎప్పుడూ.”

“నన్ను మాట్లాడొద్దన్నారు నాయనా ఇవాళ.”

“అది మాకు తెలీదు కదా. మీరింకా చెప్పలేదంటే సమయం చూసి చెప్తారనుకున్నాం.”

కోపం లేకుండా, ఎంతో నమ్మకంగా అన్నాడు. రేపు తను ఇంటికెళ్ళిపోయాక కూడా వీళ్ళు ఇలాగే కూర్చుంటారు, అంతా తెలిసినవాళ్ళు, ఎవరో చెబుతారని, ఎవరి నెత్తినో పడుతుందని, మంచివాళ్ళు, ఒకరికొకరు పీట వేసుకునేవాళ్ళు. కొత్తమ్మాయి వాళ్ళను ఏమీ అనలేదు. బల్ల చుట్టూ ఒకసారి చూసి, “ఇంకా ఇలా అక్క చెప్తారని ఆపుకున్నవి ఏమున్నాయో ఒక్కొక్కరు చెప్పండి. ముందు నేను చెప్తాను, ఈ ప్లానులో నాకు భయంగా ఉన్నది పిడుల సంగతి,” అంది, అనడమే తరువాయి గోదాము తమ్ముడు తడబడుతూ రెండు మాటలు చెప్పాడు, మిషన్లావిడ ఇంకోటి చెప్పింది, ఎవరికీ పెద్దక్కలా చెప్పడం రాలేదు, నసుగుతున్నారు, ఒకరి మాటకు ఒకరు అడ్డొస్తున్నారు, అయినా బోర్డు మీద ముక్కలు కదులుతూనే ఉన్నాయి. పెద్దక్క కిటికీలోంచి కిందికి చూసింది, లారీలోంచి గుడ్డ తానులు దించుతున్నారు. ఈ గదిలో తన అవసరం తీరిపోవడం ఆమె కళ్ళముందే జరుగుతోంది. బాధేసింది, బాధేస్తోందని దాచుకోవాలని కూడా అనిపించలేదు.

మీటింగు అయ్యాక వెళ్ళేసరికి చిన్నబాబు తన గది తలుపు తీసే ఉంచాడు. “కూర్చోండి పెద్దక్కా. నోరు విప్పారటగా,” అన్నాడు, అప్పుడే ఎవరో మోసేశారన్నమాట.

“విప్పాను బాబూ.”

“సరే. ఏమంటారు మరి.”

“ఉంచండి.”

ఆయన కనుబొమలు పైకి లేచాయి. ఇది ఆయన అనుకున్న మాట కాదు. “మాస్టారిలా నడపగలదంటారా.”

“నడపదు. అందుకే ఉంచమంటున్నాను.”

బయటికొచ్చి మెట్లు దిగుతుంటే పెద్దక్కకు మాస్టారి మీద కోపం వచ్చింది, ఇన్నేళ్ళలో మొట్టమొదటిసారి, ఒళ్ళు వేడెక్కేంత కోపం. అందరి భయం నా ఒక్కదాని నోట్లో ఎందుకు పెట్టారండీ, నేను పొంగిపోతుంటే అలా ఎందుకు చూస్తూ ఊరుకున్నారండీ, ఒక్కసారైనా నా మాట నిజమనుకున్నారా మీరు. ఆయనెంత మంచివారో, తననెంత అపురూపంగా చూసుకున్నారో ఆ కోపంతో పాటే గుర్తొస్తోంది, ఒకటి ఇంకోదాన్ని చెరపడం లేదు. ఆయన ఉంటే ఇవాళే వెళ్ళి ఎదురుగా నిలబడి ఈ మాట అనేసేది, నవ్వించకుండా, అన్నది అన్నట్టుగా. వినాల్సిన మనిషి ఒక్కడే, ఆ ఒక్కడూ లేడు. మెట్ల మధ్యలోనే ఆగిపోయి ఏడ్చింది, కిందినుంచి ఎవరో వస్తున్న అడుగుల చప్పుడు వినపడుతున్నా కళ్ళు తుడుచుకోలేదు.